తరిమెల నాగిరెడ్డి శాసనసభా జీవితం: ఒక రాజీనామా, కొన్ని ప్రశ్నలు

ఒక ఎమ్మెల్యే పనితనాన్ని తేల్చడానికి మన దగ్గర రెండు మూడు కొలతలే వాడుకలో ఉన్నాయి. ఎన్నిసార్లు గెలిచాడు, మంత్రి అయ్యాడా లేదా, ఊరికి రోడ్డు తెచ్చాడా, చెరువుకు నీళ్లు తెచ్చాడా. ఈ కొలతలతో చూస్తే అనంతపురం జిల్లా కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి లెక్క చాలా చిన్నది. 1952, 1962, 1967 ఎన్నికల్లో శాసనసభకు, 1957లో లోక్‌సభకు గెలిచారు. ఏనాడూ మంత్రి కాలేదు. చివరికి 1969 మార్చిలో, ఇంకా మూడేళ్ల గడువు మిగిలి ఉండగానే, శాసనసభ్యత్వాన్ని తనంతట తానే వదులుకున్నారు. ఆయన అభిమానులు ఆ రాజీనామాను త్యాగమని కొనియాడతారు. గిట్టనివాళ్లు బాధ్యతను వదిలేసి వెళ్లిపోయారంటారు. ఈ రెండు మాటలూ మనిషి గురించి చెప్పేవే కాని సభ గురించి చెప్పేవి కావు. నా దృష్టిలో ఆ రాజీనామా శాసనసభ అనే సంస్థ మీద లోపలి మనిషి ఇచ్చిన తీర్పు. తీర్పులో ఆయన ఎత్తిచూపిన దోషాలు చాలావరకు నిజం. వాటి నుంచి ఆయన తీసిన ముగింపు మాత్రం సరికాదని ఆయన సొంత అనుభవమూ, ఆ తర్వాత జరిగిన చరిత్రా చెబుతున్నాయి. ఈ ప్రసంగంలో నా వాదన అదే.

నాగిరెడ్డి 1917లో అనంతపురం జిల్లా తరిమెలలో కలిగిన భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. రిషివ్యాలీలో, మద్రాసు లయోలా కళాశాలలో, ఆ తర్వాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. విద్యార్థి ఉద్యమంలోంచి కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చారు. యుద్ధం మోపే ఆర్థిక భారం గురించి పుస్తకం రాసినందుకు తెల్లదొరల ప్రభుత్వం ఆయనను జైల్లో పెట్టింది. స్వాతంత్ర్యానికి ముందు టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు కమ్యూనిస్టుల మీదికి తెచ్చిన ఆర్డినెన్సు కింద కూడా ఆయన నిర్బంధం అనుభవించారు. అంటే సభలో అడుగుపెట్టేనాటికే, విచారణ లేకుండా మనిషిని లోపల వేసే చట్టం ఎలా పనిచేస్తుందో ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు. వయోజనులందరికీ ఓటు వచ్చిన తొలి సాధారణ ఎన్నికల్లో, 1952లో, ఆయన జైలు నుంచే పోటీ చేసి అనంతపురంలో గెలిచారు. ఓడిపోయినవారు సామాన్యులు కారు. స్వయానా ఆయన బావ, కాంగ్రెసులో అప్పటికే పెద్ద నాయకుడు, ముందు ముందు ముఖ్యమంత్రీ రాష్ట్రపతీ కాబోయే నీలం సంజీవరెడ్డి. ప్రచారానికి రాలేని ఖైదీకి, గుక్కెడు నీటికీ గుప్పెడు గింజలకూ కటకటలాడే కరవు జిల్లా ఓటర్లు పట్టం కట్టారు. ఓటు పెట్టెకు ఎంత బలం ఉందో నాగిరెడ్డికి మొదట తెలిసింది అక్కడే.

అయితే ఓటుకున్న బలం సభలోకి చేరేసరికి ఏమవుతుందో ఆ తర్వాత మూడేళ్లూ నేర్పాయి. 1952 మద్రాసు శాసనసభలో 375 స్థానాలుండగా కాంగ్రెసుకు వచ్చినవి 152. ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కాంగ్రెసుకు 40, కమ్యూనిస్టులకు 41. ప్రకాశం నాయకుడిగా ప్రతిపక్షాలు ఐక్య ప్రజాతంత్ర సంఘటన కట్టాయి. తమను జైళ్లకు పంపిన ప్రకాశాన్నే కమ్యూనిస్టులు తమ నాయకుడిగా ఒప్పుకున్నారు. అయినా గవర్నరు రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిగా పిలిచారు. ప్రజలు ఎన్నుకోని మనిషి ప్రభుత్వాన్ని నడిపారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అదే ప్రకాశం కాంగ్రెసు అండతో ముఖ్యమంత్రి అయ్యారు, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం కూలింది. ప్రతిపక్షంలో కూర్చున్న ఒక్కొక్క సభ్యుడికీ ఆ రోజున ఎంత విలువ ఉందో ఆలోచించండి. ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. 1955 మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడ్డాయి, 196 స్థానాల్లో దక్కినవి 15. ప్రతి పదిమంది ఓటర్లలో ముగ్గురు ఒక పార్టీని కోరుకుంటే సభలో ఆ పార్టీకి పదో వంతు చోటు కూడా దొరకలేదు. ఎన్నికల పద్ధతిని తప్పుపట్టడానికి నాగిరెడ్డికి పుస్తకాలు తిరగేయాల్సిన పనిలేదు, తన జిల్లా చుట్టుపక్కల ఫలితాలే చాలు.

1957 నుంచి 1962 దాకా ఆయన ఢిల్లీలో ఉన్నారు. ఆ కాలంలోనే, 1959 జులైలో, శాసనసభలో మెజారిటీ ఉన్న కేరళ కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని కేంద్రం బర్తరఫ్ చేసింది. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 1961లో మొదటి భూపరిమితి చట్టం వచ్చింది. నేల రకాన్ని బట్టి ఒక్కొక్కరు 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చన్నది ఆ చట్టం. అంత ఎత్తున గీత గీస్తే దాన్ని దాటే భూస్వామి ఎవరు దొరుకుతారు? దొరికిన కొద్దిమందికీ పంపకాలు, బినామీ బదలాయింపులు చేసుకోవడానికి కావలసినంత వ్యవధి దొరికింది. మిగులు భూమి పేరుకు మాత్రమే తేలింది. 1962లో పుట్లూరు నుంచి గెలిచి నాగిరెడ్డి మళ్లీ శాసనసభకు వచ్చేసరికి చట్టం పుస్తకంలో ఉంది, భూమి మాత్రం పాత చేతుల్లోనే ఉంది. భూమి లేని కూలి పక్షాన నిలిచిన ఒక శాసనసభ్యుడికి ఇంతకన్నా పెద్ద ఎదురుదెబ్బ ఉండదు. ప్రభుత్వం బిల్లునే తోసిపుచ్చితే జనంలోకి వెళ్లి చెప్పుకోవచ్చు. బిల్లును నెగ్గించి పని జరక్కుండా చూస్తే, సమస్య తీరిపోయిందనే భ్రమ కూడా తోడవుతుంది.

తర్వాతి అయిదేళ్లలో కమ్యూనిస్టు పార్టీ చీలింది. 1964 చీలికలో నాగిరెడ్డి మార్క్సిస్టు పార్టీ వైపు నిలిచారు. 1967లో ఆ పార్టీ తరఫున అనంతపురం నుంచి గెలిచారు. 287 మంది సభలో మార్క్సిస్టులు తొమ్మిదిమంది. ఆ అక్టోబరు చివర శ్రీకాకుళం ఏజెన్సీలోని లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల చేతిలో ఇద్దరు గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. గిరిజనోద్యమం సాయుధ పోరుగా మారింది, ప్రభుత్వం పోలీసు బలగాలను దించింది. 1968లో దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి తదితరులతో కలిసి నాగిరెడ్డి పార్టీ నుంచి బయటికి వచ్చారు. మరుసటి మార్చిలో, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, శాసనసభ వల్ల శ్రమజీవులకు ఒరిగేదేమీ లేదన్న నిశ్చయంతో రాజీనామా చేశారు. ఆ ఏడాది చివర మద్రాసులో అరెస్టయ్యారు. హైదరాబాదు కుట్ర కేసులో ముద్దాయిగా నిలబడ్డారు. ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలో ఉంటూ 1976 జులైలో కన్నుమూశారు.

రాజీనామాలు మనకు కొత్త కాదు. 1966లో విశాఖ ఉక్కు కోసం ప్రతిపక్ష శాసనసభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. తెలంగాణ ఉద్యమంలో శాసనసభ్యులు పదవులు వదిలి ఉపఎన్నికల్లో మళ్లీ నిలబడి గెలిచారు. అలాంటి రాజీనామాలో సభ మీద నమ్మకం ఉంటుంది. ఒక కోరిక మీద ప్రజల ఆమోదాన్ని మళ్లీ అడిగి, మరింత బలంతో సభకు తిరిగి రావడానికే ఆ దారి. నాగిరెడ్డి రాజీనామా ఆ కోవలోది కాదు. ఆయన ఉపఎన్నిక కోరలేదు, ఫలానా కోరిక తీరిస్తే తిరిగి వస్తానని షరతూ పెట్టలేదు. ప్రజలు పంపినా ఇక్కడ ప్రజల పని జరగదని చెప్పి వెళ్లిపోయారు. అందుకే దాన్ని సానుభూతితోనో కోపంతోనో పక్కన పెట్టేయకుండా, అది నిజమా కాదా అని పరీక్షించాలి.

ముందు ఆయన పక్షాన చెప్పుకోవలసినంతా చెప్పుకుందాం. ఓట్లకూ సీట్లకూ పొంతన లేదని 1955 చూపింది. మెజారిటీ ఉన్నా ప్రభుత్వం నిలవదని కేరళలో 1959 చూపింది. చట్టం వచ్చినా భూమి కదలదని 1961 చట్టం చూపింది. ఇక శ్రీకాకుళం సంగతి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959లోనే ఒక నిబంధన ఉంది. దాని అమలు కోసం అర్జీలు పెట్టుకున్నన్నాళ్లూ పట్టించుకున్నవాళ్లు లేరు. ఏజెన్సీ భగ్గుమన్న తర్వాత 1970లో ప్రభుత్వం దాన్ని సవరించి పటిష్ఠం చేసింది. అదే మనమంతా వన్ బై సెవెంటీ అని పిలుచుకునే చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని మొదట భావించాలి, కాదని రుజువు చేసుకునే భారం గిరిజనేతరుడిదే అని అది చెప్పింది. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడాన్నీ ఆపింది. పైగా అది శాసనసభ చేసిన చట్టం కూడా కాదు, రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గవర్నరు జారీ చేసిన రెగ్యులేషన్. నాగిరెడ్డి వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఏం కావాలి అని ఆయన అభిమానులు అడగవచ్చు. అడగడం న్యాయమే.

కానీ అదే సాక్ష్యాన్ని ఇంకో వైపు నుంచి చూడండి. శ్రీకాకుళం ఉద్యమం అణచివేతతో ముగిసింది, దాని నాయకులు చాలామంది ప్రాణాలు కోల్పోయారు. ఉద్యమం పోయాక గిరిజనుడి చేతిలో మిగిలిన ఆయుధం ఆ చట్టమే. యాభై ఏళ్లు దాటినా ఈనాటికీ భద్రాచలం నుంచి పాడేరు దాకా గిరిజనుడు కోర్టుకెక్కినా, కలెక్టరు ముందు నిలబడినా దాన్నే చూపిస్తున్నాడు. 1997లో గనుల లీజుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు కూడా ఆ పునాది మీదే నిలిచింది. చట్టాన్ని కదిలించింది బయటి ఒత్తిడి అన్నది నిజం. అయితే ఆ ఒత్తిడి ఫలితం చట్టంగా మారి ఉండకపోతే ఉద్యమంతోపాటే అదీ కరిగిపోయేది. కుండపోతగా కురిసిన వానైనా చెరువుకు కట్ట లేకపోతే ఎండాకాలానికి మిగలదు. బయటి పోరాటం వాన అయితే, శాసనం ఆ కట్ట.

రెండో సాక్ష్యం కేరళది. నాగిరెడ్డి రాజీనామా చేసిన 1969లోనే కేరళ శాసనసభ తన భూసంస్కరణల చట్టాన్ని సవరించింది. 1970 జనవరి 1 నుంచి అక్కడ కౌలు విధానమే రద్దయింది, సాగు చేసుకునేవారికి హక్కులు వచ్చాయి. దేశం ఒకటే, రాజ్యాంగం ఒకటే. 1959లో బర్తరఫ్ అయిన చోటే పదేళ్లకు ఆ పని జరిగింది. కేరళలో రైతు ఉద్యమం బలంగా ఉంది కాబట్టి అది సాధ్యమైందని ఎవరైనా అంటే కాదనను. నేను చెప్పదలచుకున్నదీ అదే. వెలుపల ఉద్యమం, లోపల ఓట్లు రెండూ కలిసిన చోట భూమి కదిలింది. మన రాష్ట్రంలో లోపలి బలం ఎందుకు తగ్గిందో కూడా దాచుకోకూడదు. 1962లో ఒక్క పార్టీగా పోటీ చేసిన కమ్యూనిస్టులకు 51 స్థానాలు వచ్చాయి. చీలిపోయి 1967లో తలపడితే రెండు పార్టీలకూ కలిపి 20 వచ్చాయి. తొమ్మిదిమందితో కూర్చున్న పక్షానికి సభ నిరుపయోగంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ నిరుపయోగంలో కొంత భాగం సభ స్వభావం, కొంత భాగం చీలిక ఫలితం. నాగిరెడ్డి తీర్పు మొత్తం భారాన్ని సభ మీదే మోపింది.

మూడో సాక్ష్యం 1973 భూసంస్కరణల చట్టం. అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని అది పరిమితి పెట్టింది. 324 ఎకరాల నుంచి 54కి దిగడం చిన్న మార్పు కాదు. దాని అమలులో లొసుగులు కోకొల్లలు, నిజమే. అయితే ఆ లొసుగులను నిలదీయవలసిన సమయంలో, ఏ తాలూకాలో ఎంత మిగులు తేలింది, ఎంత పంచారు, ఎన్ని కేసులు స్టేలలో ఉన్నాయి అని మంత్రిని లేపి అడగగలిగిన నోళ్లు సభలో ఎన్ని మిగిలాయి? నాగిరెడ్డి అంతటి చదువు, పట్టుదల ఉన్న సభ్యుడు ఆ రోజున లోపల ఉండి ఉంటే చట్టం అద్భుతాలు చేసేదని చెప్పను. అడగని ప్రశ్నకు జవాబు రాదని మాత్రం చెబుతాను.

దీనికి ఆయన అనుచరులు ఒక సమాధానం చెబుతారు. విప్లవకారుడికి శాసనసభ ఒక వేదిక మాత్రమే, వేదిక పనికిరానప్పుడు దిగిపోతాడు, కాబట్టి శాసనసభ్యుడిగా ఆయన రికార్డును తూచడమే పొరపాటు అని. ఈ మాట నాగిరెడ్డికే పూర్తిగా నచ్చేది కాదేమో. ఎన్నికల బహిష్కరణను అన్ని కాలాలకూ వర్తించే సూత్రంగా ఆయన వర్గం ఒప్పుకోలేదు. నక్సలైటు నాయకుడు చారు మజుందార్ నాయకత్వంతో వచ్చిన విభేదాల్లో అదీ ఒకటి. మరో సంగతి కూడా ఉంది. సభ వదిలిన తర్వాత ఆయన కోర్టు బోనునే సభగా మార్చుకున్నారు. కుట్ర కేసులో ఆయన ఇచ్చిన సుదీర్ఘ వాఙ్మూలమే తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకమైంది. విదేశీ పెట్టుబడి, రుణాలు, వ్యవసాయ సంబంధాల గురించి అందులో ఆయన వాదన నడిపింది నినాదాలతో కాదు, ప్రభుత్వ నివేదికలతో, అధికారిక గణాంకాలతో. అలాంటి నివేదికలు బయటికి రావడానికి ఒక ముఖ్యమైన కారణం చట్టసభలు అడగడం, చట్టసభల ముందు పెట్టవలసి రావడం. సభ నిష్ప్రయోజనమని తీర్పు చెప్పిన మనిషి, సభలు పుట్టించే కాగితాలతోనే రాజ్యాన్ని బోనులో నిలబెట్టారు. దీన్ని వైరుధ్యమని ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు. శాసనసభ్యుడి శిక్షణ ఆయనలో ఎంత లోతుగా ఇంకిందో చెప్పడానికే ఈ మాట.

ఇక రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు. అయిదేళ్లకని ఓటు వేయించుకుని రెండేళ్లకే దిగిపోవడం ఓటరును వంచించడం కాదా? పార్టీ వదిలిన తర్వాత కూడా కొన్ని నెలలు ఆ పార్టీ ఇచ్చిన సీట్లో ఎందుకు కూర్చున్నారు? రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి నా జవాబు, ఆయన ఓటరుకు బాకీ పడ్డారనే. తన నిశ్చయం మారినప్పుడు, కొత్త దారి మీద వారి ఆమోదం అడిగే అవకాశం ఉపఎన్నికలో ఉంది. దాన్ని ఆయన కాలదన్నారు. రెండోదానికి మాత్రం కాలాన్ని గుర్తుంచుకోవాలి. అది దేశమంతటా ‘ఆయారాం గయారాం’ల కాలం. హర్యానాలో ఒక శాసనసభ్యుడు పూటకో పార్టీ మారిన 1967కు ఏడాది తర్వాతి మాట. ఫిరాయింపుల నిషేధ చట్టం రావడానికి ఇంకా 16 ఏళ్లుంది, రాజీనామా చేయమని ఏ చట్టమూ ఆయనను ఒత్తిడి చేయలేదు. పార్టీ మారినా పదవి అంటిపెట్టుకునే అవకాశం చేతిలో ఉండగా వదులుకున్నారు. చట్టం వచ్చి నలభై ఏళ్లయినా, ఫిరాయించిన సభ్యుల అనర్హత పిటిషన్లు స్పీకర్ల దగ్గర నెలలూ ఏళ్లూ నానుతున్న రోజుల్లో ఉన్న మనకు ఆయనను ఈ విషయంలో తప్పుపట్టే అర్హత అంతగా లేదు.

నియోజకవర్గానికి ఏం చేశాడన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది. రోడ్డు, బడి, మంచినీళ్లు అవసరం లేవని ఎవరూ అనరు. కానీ రాజ్యాంగం శాసనసభ్యుడికి అప్పగించిన పని అది కాదు. చట్టం చేయడం, పన్నుల డబ్బు ఖర్చుకు లెక్క అడగడం, ప్రభుత్వాన్ని నిలబెట్టడమో దించడమో ఆయన పని. రోడ్డు పంచాయతీదో, శాఖదో. శాసనసభ్యుణ్ణి పనుల మంజూరుతోనే కొలిస్తే, మంజూరు చేసే ముఖ్యమంత్రి ముందు చేతులు కట్టుకున్నవాడే మంచి ఎమ్మెల్యే అవుతాడు. ప్రతిపక్ష సభ్యుడి పాత్రే ఉండదు. సభలు ఏడాదికి నెల రోజులు కూడా నిండుగా జరగకపోవడం, బడ్జెట్ పద్దులు చర్చ లేకుండానే ఆమోదం పొందడం, బిల్లు పెట్టిన రోజే నెగ్గిపోవడం మనల్ని కలవరపెట్టడం లేదంటే ఈ కొలతే ఒక కారణం. సభ నిరుపయోగమని నాగిరెడ్డి బాధతో అన్నారు. మనం ఆ మాట అనకుండానే, బాధ లేకుండానే, అదే నమ్మకంతో ఎన్నుకుంటున్నాం.

అందుచేత నాగిరెడ్డి రికార్డు నుంచి మనం తీసుకోవలసింది పూజా కాదు, తిరస్కారమూ కాదు, ఒక పరీక్ష. కాగితం మీది చట్టం పొలం గట్టు దాకా వచ్చిందా అన్నది ఆయన పెట్టిన పరీక్ష. 1961 చట్టం అందులో తప్పింది. వన్ బై సెవెంటీ కొంత గట్టెక్కింది, కేరళ సవరణ బాగా గట్టెక్కింది. తప్పిన చట్టాన్ని చూసి ఆయన సభను విడిచారు. గట్టెక్కిన చట్టాలను చూస్తే, సభను విడవకుండా దాన్ని బయటి ప్రజల ఒత్తిడితో ముడిపెట్టి ఉంచడమే మేలని తేలుతుంది. ఈసారి మీ శాసనసభ్యుడు ఓటు అడగడానికి వచ్చినప్పుడు రోడ్డు గురించి తప్పకుండా అడగండి. దానితోపాటు ఈ అయిదేళ్లలో ఆయన ఏ బిల్లు మీద మాట్లాడారో, ఏ పద్దును ప్రశ్నించారో, ఏ చట్టం అమలు కాలేదని మంత్రిని నిలదీశారో కూడా అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ సీటు ఖాళీగానే ఉందని లెక్క. రాజీనామా పత్రం ఒక్కటే తక్కువ.